నలభై ఒకటో పేరు

1971 ఆగస్టులో తెనాలిలోని ఒక ప్రెస్సులో ఒకే పుస్తకం ఆఖరి ఫారాన్ని నాలుగోసారి విప్పారు. ఫారం అంటే ఎనిమిది పేజీల సీసపు అక్షరాలు. ఇనుప చట్రంలో బిగించి ఉంటాయి. విప్పితే మళ్ళీ బిగించడానికి ఒక పూట పడుతుంది.

ప్రెస్సు యజమాని రంగనాయకులు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మాస్టారూ, ఈ ప్రెస్సులో పంచాంగాలు వేశాను, శతకాలు వేశాను, ఎలక్షన్ కరపత్రాలు వేశాను. డిపాజిట్ పోయినవాడు కూడా నాచేత ఇన్నిసార్లు విప్పించలేదండి."

"తప్పుంటే విప్పాలి గదండీ" అన్నాడు ఎదురు బెంచీ మీద కూర్చున్న జకరయ్య.

"తప్పు కాదండి ఇది. బావి తవ్వింది నలభై ఆరులో కాదు, నలభై రెండులో అంటున్నారు. ఆ బావి ఇప్పుడు పూడిపోయిందని మీరే చెప్పారు."

"పూడిపోయినా నలభై రెండే."

జకరయ్య బాపట్లలో హెడ్మాస్టరుగా చేసి 1966లో రిటైరయ్యాడు. ఆ మరుసటి ఏడాది నుంచి లూథరన్ సంఘాల నెలపత్రిక ఒకదానికి ధ్యానాలు రాశాడు. బైబిల్లో పౌలు సంఘాలకూ తోటి పనివాళ్ళకూ రాసిన ఉత్తరాలే ఆ ధ్యానాలకు విషయం. నెలకొకటి చొప్పున నాలుగేళ్ళు రాశాడు. వాటిలో ఉపదేశం తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. ఈ ఉత్తరాన్ని ఎవరు మోసుకెళ్ళారు? ఎన్నాళ్ళు పట్టింది? దారిలో ఎక్కడ తిన్నారు? చలికాలం లోపల అంగీ తెచ్చిపెట్టమని ఒక ఉత్తరంలో ఉంది. అంగీ చేరిందా లేదా? చేరినట్టు ఎక్కడా లేదు. జకరయ్య దాని మీద నాలుగు పేజీలు రాశాడు.

నలభై ఎనిమిది ధ్యానాలు పుస్తకంగా వేద్దామనుకున్నప్పుడు నలభై తొమ్మిదోది కొత్తగా రాశాడు. అది రోమా సంఘానికి వెళ్ళిన ఉత్తరం చివర ఉన్న వందనాల జాబితా గురించి. ఫలానా ఆమెకు వందనాలు, ఫలానా ఇంట్లో కూడుకునేవాళ్ళకు వందనాలు అంటూ పేర్లుంటాయి. చర్చిలో దాన్ని ఎవరూ చదవరు. చదవబోయినవాడు మూడో పేరు దగ్గర తడబడి "మొదలైనవారు" అని ముగిస్తాడు. పని చేసింది ఆ మొదలైనవారే అని జకరయ్య వాదన. మన ఊళ్ళలోనూ ఇలాంటివారున్నారు అని రాసి, దాని కింద నలభై ఒక్కమంది పేర్లు ఇచ్చాడు. పిట్టలవానిపాలెంలో కాంతమ్మ, బైబిలు స్త్రీ, ఇంటింటికీ వాక్యం చెబుతూ పద్దెనిమిదేళ్ళు నడిచి తిరిగింది, సైకిలు ఇస్తామంటే వద్దంది. పొన్నూరులో బర్నబాస్, చర్చి కప్పుకు తాటాకు మోశాడు. అలా ఒక్కొక్కరికి ఒక వాక్యం.

అచ్చుకు ముందు ఆ నలభై ఒక్కమందికీ వాళ్ళ వాక్యం కార్డు మీద రాసి పోస్టు చేశాడు. తప్పుంటే దిద్ది పంపమన్నాడు. ఆ పని చేయకుండా ఉండాల్సింది.

నలభై జవాబులొచ్చాయి. తన పేరు చివర గారు లేదని ఒకరు. భర్త పేరు ముందు రావాలని ఒకరు. తన వాక్యంలో దిద్దవలసింది ఏమీ లేదుగానీ పక్కింటివాడి వాక్యం పూర్తిగా తీసేయాలని ఒకరు. బావి సంగతి కూడా అలా వచ్చిందే. రంగనాయకులు ప్రతిసారీ విప్పాడు.

నలభై ఒకటో మనిషి జవాబు రాయలేదు. శనివారం సాయంత్రం రేపల్లెలో బస్సెక్కి బాపట్ల వచ్చాడు. అతని పేరు మత్తయి. ఊరు రేపల్లె దగ్గర నగరం అనే పల్లె. వయసు ముప్పై ఏడు. ఇంట్లోకి వచ్చి గొడుగు గోడకు ఆనించి, కూర్చోకుండా నిలబడ్డాడు.

"కార్డు అందిందా?" అన్నాడు జకరయ్య.

"అందబట్టే వచ్చాను సార్. కవర్లో పెట్టి పంపకూడదాండీ?"

"కవరెందుకు? అందులో రహస్యం ఏముంది?"

"అందులో ఉన్నదంతా అదే సార్."

కార్డు మీద ఉన్న వాక్యం ఇది: "నగరంలో మత్తయి, తాలూకా ఆఫీసులో ఇతని పేరు సుబ్బారావు, పాస్టరు రాని ఆదివారాల్లో పదమూడేళ్ళుగా ఆరాధన నడిపినవాడు."

మత్తయికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు పెట్టిన పేరు మత్తయి. బడిలో పేరు సుబ్బారావు. ఆ పేరుతోనే హాస్టల్లో చదువుకున్నాడు, ఆ పేరుతోనే 1958లో షెడ్యూల్డు కులం సర్టిఫికెట్టు మీద రేపల్లె తాలూకా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం తెచ్చుకున్నాడు. క్రైస్తవుడని తేలితే ఆ సర్టిఫికెట్టు చెల్లదు. సర్టిఫికెట్టు చెల్లకపోతే ఉద్యోగం ఉండదు. డెల్టాలో ఇలా రెండు పేర్లున్నవాళ్ళు చాలామంది. ఊరికంతా తెలుసు. కాగితానికి తెలియదు.

ఆ ఏడాది మే నెలలో కలెక్టరుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది. రేపల్లె తాలూకా గుమాస్తా సుబ్బారావు క్రైస్తవుడనీ, నగరం చర్చిలో ఆరాధన చేయిస్తాడనీ అందులో ఉంది. ఎవరు రాశారో మత్తయికి తెలుసు. ఆఫీసులో తన పక్క కుర్చీవాడే. కలెక్టరాఫీసు దాన్ని విచారణకు పంపింది. విచారణాధికారికి కావలసింది రెండు పేర్లూ ఒకచోట ఉన్న కాగితం. బాప్తిస్మపు రిజిస్టరులో సుబ్బారావు లేడు. ఆఫీసు రికార్డులో మత్తయి లేడు. రెండూ ఒకచోట ఉన్నవి మూడే: కార్డు, ప్రూఫు, రంగనాయకులు బిగించిన సీసం.

"కార్డు ఏం చేశావ్?"

"మా ఆవిడ పొయ్యిలో పెట్టిందండి. పోస్ట్‌మాన్ అప్పటికే చదివేశాడు. 'మీ ఆయనకి రెండు పేర్లా అమ్మా' అన్నాడంట. సార్, నా వాక్యం తీసెయ్యండి."

"తీసెయ్యడానికి అది నీ సొత్తు కాదయ్యా, సంఘానిది. పదమూడేళ్ళు చేశావు. లేదంటావా?"

"చెయ్యలేదని కాదండి. చేసినట్టు అచ్చెయ్యొద్దంటున్నా."

"పౌలు జైల్లో ఉండి పేర్లు రాశాడు. పక్కన సిపాయి ఉన్నాడు. చేతికి గొలుసుంది."

"ఆయనకి ఇంక్రిమెంట్లు లేవు సార్."

"హాస్యం కాదు."

"నేను హాస్యమాడట్లేదండి. గొలుసు ఆయన చేతికొక్కదానికే. నాది పట్టుకుని ఇంట్లో ఇంకో ఐదుగురున్నారు."

జకరయ్య ఆలోచిస్తానన్నాడు. మత్తయి ఆఖరి బస్సుకు వెళ్ళిపోయాడు. మర్నాడు పాస్టరు రాని ఆదివారం. ఆరాధన అతనే నడపాలి.

జకరయ్య నిజంగానే ఆలోచించాడు. పదిహేను రోజుల తరువాత తెనాలి వెళ్ళి ఐదోసారి ఫారం విప్పించాడు. ఫిలిప్పీ సంఘానికి వెళ్ళిన ఉత్తరంలో ఒక చోట ఇద్దరు స్త్రీలు గొడవపడితే పౌలు వాళ్ళ పేర్లు రాశాడు. వాళ్ళకు సాయపడమని అడిగిన తోటి పనివాడి పేరు మాత్రం రాయలేదు. జకరయ్యకు అది ఆధారంగా కనబడింది. కొత్త వాక్యం ఇది: "నగరంలో ఒక సహోదరుడు, పాస్టరు రాని ఆదివారాల్లో పదమూడేళ్ళుగా ఆరాధన నడిపినవాడు."

రంగనాయకులు ప్రూఫు చదివాడు. ఆ పేజీ పైనుంచి కిందకు వేలుతో దిగి ఒక చోట ఆగాడు.

"ఇదెవరండీ?"

"ఎవరో ఒకరు."

"నలభై మందికి పేర్లున్నాయి. ఈయనొక్కడికే లేదు. నలభై మందినీ దాటుకుని నేను ఈయన దగ్గరే ఎందుకు ఆగానంటారు?" రంగనాయకులు కాగితం తిప్పి చూపించాడు. "నాకు మీ సంఘాలు తెలియవు, మీ మనుషులు తెలియరు. నేనే ఎవరండీ అని అడిగానంటే తెలిసినవాళ్ళు ఊరుకుంటారా? దాచాలనుకుంటే ఇది దాచడం కాదు మాస్టారూ, దీపం పెట్టడం."

జకరయ్య ఫారం బిగించవద్దని చెప్పి రేపల్లె రైలెక్కాడు. రేపల్లె నుంచి బస్సులో నగరం వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడయింది. మత్తయి ఆఫీసులో ఉన్నాడు. అతని భార్య రిబ్కా అరుగు మీద చేటలో మినుములు చెరుగుతోంది. ఆమె నగరంలో ఆదివారపు బడి నడుపుతుంది. పౌలు ఉత్తరాల సంగతి ఆమెకూ తెలుసు.

"రండి మాస్టారూ. ఇంకా పేర్లేమన్నా మిగిలినయ్యా?"

జకరయ్య కొత్త వాక్యం చదివి వినిపించాడు.

"ఊళ్ళో ఆరాధన చేయించేదెవరో మా మేకక్కూడా తెలుసండి. పేరు తీసేసి పని ఉంచితే ఏం దాగిందని?"

"పేరు లేకపోతే సాక్ష్యం కాదమ్మా."

"కలెక్టరుకి ఉత్తరం రాసినోడికి సాక్ష్యం అక్కర్లేదండి, సందు చాలు." ఆమె చేట పక్కన పెట్టింది. "ఒక మాట అడుగుతానండి. నలభై మందున్నారు గదా. ఈయన లేకపోతే మీ పుస్తకానికి ఏం లోటు? ఎందుకండీ ఇంత పట్టు?"

జకరయ్య చెప్పాడు. 1946లో తను నగరం బోర్డు స్కూల్లో టీచరు. మత్తయికి పన్నెండేళ్ళు. బాపట్లలో హరిజన హాస్టలుంది. అందులో సీటు హిందువులకే ఇస్తారు. దరఖాస్తు నింపింది తనే. సుబ్బారావు అనీ, హిందువు అనీ తనే రాశాడు. మత్తయి తండ్రి వేలిముద్ర వేశాడు.

"నా చేత్తో రాసిన అబద్ధం అదొక్కటేనమ్మా. ఇరవై ఐదేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. ఇంతమంది పేర్లు వేస్తూ ఇతని పేరు దగ్గర మళ్ళీ సగమే రాస్తే అబద్ధం రెండోసారి రాసినట్టు. అందుకని రెండూ వేద్దామనుకున్నా."

రిబ్కా లేచి నిలబడింది.

"అంటే ఇది ఆయన గురించి కాదన్నమాట."

"అది కాదమ్మా."

"మీ గురించి. అబద్ధం మీరు రాశారు. రాయబట్టి ఆయన చదువుకున్నాడు. నేనేం తప్పు పట్టట్లా. ఆ రోజు మీరు రాయకపోతే ఈయన ఇవాళ కోతకి పోయేవాడు, తెలుసు నాకు. కానీ మాస్టారూ, మీరు చేతులు కడుక్కోడానికి మా పిల్లల అన్నం మీద నీళ్ళు పోస్తారేంటండీ?"

జకరయ్య చేతిలోని కాగితం జేబులో పెట్టుకున్నాడు.

"చెప్పుకోవాలనుంటే చెప్పుకోండి. ఎవరికి చెప్పుకోవాలో వాళ్ళకి చెప్పుకోండి. అచ్చేసి తాసీల్దారుకి పంపడమేంటి?" అని ఆమె లోపలికి వెళ్ళింది. చెంబుతో మజ్జిగ తెచ్చి అతని ముందు పెట్టింది. చెంబు పెట్టిన చప్పుడు పక్కింటికి వినపడింది.

మర్నాడు జకరయ్య తెనాలిలో ఉన్నాడు.

"పేర్లన్నీ తీసెయ్యండి" అన్నాడు.

"అన్నీ అంటే?"

"నలభై ఒకటీ."

రంగనాయకులు కంపోజిటర్ని పిలవబోయి ఆగాడు. "బావి కోసం ఒక పూట, గారు కోసం ఒక పూట, మొగుడి పేరు ముందుకు జరపడానికి ఒక పూట. ఇప్పుడు మొత్తం తీసెయ్యమంటారు. నాలుగు పేజీలు ఖాళీ వస్తయ్యండి. ఏం వెయ్యమంటారు? ఎక్కాలు వెయ్యనా?"

"ఆ పేజీలు వద్దు. 'మన ఊళ్ళలోనూ ఇలాంటివారున్నారు' అన్నచోట ఆపెయ్యండి."

"నలభై మంది ఊరుకుంటారా?"

"ఊరుకోరు."

ఊరుకోలేదు. పుస్తకం అక్టోబరులో వచ్చింది. గారు అడిగినాయన తనకిచ్చిన ప్రతిని తిప్పి పంపాడు. బావి తవ్వించిన కుటుంబం బాపట్లలో జకరయ్య ఇంటికి వచ్చి, బావి తవ్వలేదని ఎవరన్నారో చెప్పమని అడిగింది. పక్కింటివాడి పేరు తీసెయ్యమన్నాయన మాత్రం సంతోషంగా ఉత్తరం రాశాడు, తన పేరు ఏ పేజీలో ఉందో కనబడలేదని చివర్లో అడిగాడు. జకరయ్య ఎవరికీ కారణం చెప్పలేదు. పుస్తకాన్ని దేవునికి అంకితమిచ్చే ప్రతిష్ఠ నగరం చర్చి ఆరాధనలో జరుగుతుందనీ, అందరూ రావాలనీ కార్డులు రాశాడు. ఈసారి కార్డులో అంతకుమించి ఏమీ లేదు.

ప్రతిష్ఠ నవంబరు 14, ఆదివారం. విచారణ మర్నాడు సోమవారం. రెండూ పక్కపక్కన పడ్డాయని తెలిశాక మత్తయి రెండు రోజులు జకరయ్య పేరెత్తలేదు.

నగరం చర్చికి ఆ రోజు పాస్టరు వచ్చాడు. బాపట్ల, పొన్నూరు, పిట్టలవానిపాలెం, రేపల్లెల నుంచి మనుషులొచ్చారు. లోపల చోటు చాలలేదు. సంఘ పెద్దలు రేపల్లె నుంచి మైకుసెట్టు తెప్పించి, హారన్ను రోడ్డు వైపు వేపచెట్టుకు కట్టించారు. రోడ్డుకు అవతల టీకొట్టు. అక్కడ తాలూకా ఆఫీసు ప్యూను సైకిలు స్టాండు వేసుకుని కూర్చున్నాడు. నగరంలో అతనికి చుట్టాలు లేరు. మత్తయి గుమ్మం దగ్గర నిలబడి అతన్ని చూస్తున్నాడు.

పాస్టరు ప్రార్థన చేశాడు. జకరయ్య లేచి మైకు ముందుకు వచ్చాడు. జేబులోంచి కాగితం తీశాడు. తీసి, మైకు కుర్రాడితో, "ఇది ఆపు" అన్నాడు.

"బాగానే వస్తంది గదండీ."

"బాగానే వస్తంది. ఆపు."

మైకు ఆగింది. జకరయ్య చదవడం మొదలుపెట్టాడు. ఈ ఉత్తరాలు అచ్చులో చూసినవాళ్ళు అప్పట్లో ఎవరూ లేరనీ, ఒకడు నిలబడి చదివితే మిగతావాళ్ళు విన్నారనీ, ఈ పేర్లు కూడా అలాగే వినాలనీ చెప్పాడు. తరువాత పిట్టలవానిపాలెం కాంతమ్మ పేరు చదివాడు.

"వినపడట్లా!" అని వెనకనుంచి ఒక కేక. ఎజ్రా అనే పెద్దాయన. వయసు ఎనభై. చెవులు ఎప్పుడో పోయాయి.

"మైకుండగా ఈ గొణుగుడేంటి మాస్టారూ?" అని బాపట్లాయన ఒకడు.

జకరయ్య గొంతు పెంచలేదు. తరువాతి పేరు చదివాడు. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళు తమ వెనకవాళ్ళకు చెప్పారు. కాంతమ్మ పేరు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో మూడో పేరు నడుస్తోంది. దారిలో కొన్ని మారాయి. బర్నబాస్ తాటాకు మోసినవాడు కాస్తా చివరి వరసకు వచ్చేసరికి తాటిచెట్టు మోశాడు. బావి కుటుంబం నలభై రెండు అని గట్టిగా అంది. చదవడానికి ముప్పావుగంట పట్టింది.

నలభై ఒకటోది వచ్చింది. జకరయ్య కాగితం మడిచి, చూడకుండా చెప్పాడు. చెప్పాల్సిన వాక్యం కంటే ఎక్కువే చెప్పాడు. 1946లో దరఖాస్తు ఎవరు రాశారో, ఏమని రాశారో, దానికి ఎవరు బాధ్యులో చెప్పాడు. సంఘం తనను క్షమించాలని అడిగి కూర్చున్నాడు. స్త్రీల వైపు రిబ్కా తలమీద కొంగు సవరించుకుని పైకప్పు వైపు చూసింది.

గుమ్మం దగ్గర మత్తయికి ఏమీ వినపడలేదు. చివరి వరసలోవాణ్ణి భుజం తట్టి అడిగాడు.

"ఏమన్నాడు?"

"నీ పేరు చదివాడు."

"ఏ పేరు?"

"రెండూ."

మత్తయి రోడ్డు వైపు చూశాడు. ప్యూను టీ గ్లాసు పట్టుకుని హారన్ వైపు చూస్తున్నాడు. హారన్లోంచి ఏమీ రావడం లేదు. "ఈ మాస్టారు నన్ను చంపేదాకా ఊరుకోడు" అన్నాడు మత్తయి.

పాస్టరు కీర్తన నంబరు చెప్పాడు. ఆ చర్చిలో పాట ఎత్తుకునేది మత్తయి. మైకు కుర్రాడు ఇక పాటే కదా అని బటను నొక్కాడు. హారన్ ఒకసారి కీచుమంది. మత్తయి నోరు తెరిచి మళ్ళీ మూశాడు. అతని గొంతు ప్యూనుకు తెలుసు.

"ఆపవయ్యా! చెవులు చిల్లులు పడతన్నయ్!" అని ఎజ్రా అరిచాడు.

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. కుర్రాడు బటను తీశాడు. మత్తయి లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి పాట ఎత్తుకున్నాడు.

సోమవారం పదకొండు గంటలకు విచారణాధికారి రేపల్లె తాలూకా ఆఫీసుకు వచ్చాడు. పోస్ట్‌మాన్ చదివిన కార్డు సంగతి చెవిన పడి ఆకాశరామన్న రెండో ఉత్తరం కూడా రాశాడు. నగరం చర్చిలో ఒక పుస్తకం అమ్ముతున్నారనీ, సుబ్బారావు రెండు పేర్లూ అందులో ఉన్నాయనీ దాంట్లో ఉంది. అధికారి పుస్తకం తెప్పించుకున్నాడు. మొదటి పేజీ నుంచి తిప్పాడు. అందులో ఉన్న పేర్లన్నీ పందొమ్మిది వందల ఏళ్ళ కిందటివి. మధ్యాహ్నం భోజనం చేసి మళ్ళీ తిప్పాడు. నాలుగు గంటలకు ఆధారం లేదని రాసి సంతకం పెట్టాడు.

వెళ్ళే ముందు గుమాస్తాను పిలిచి ఆఖరి పేజీ చూపించాడు.

"ఏంటయ్యా ఇది? 'మన ఊళ్ళలోనూ ఇలాంటివారున్నారు' అంటాడు, ఆపేస్తాడు. ఎవరున్నారో రాయొద్దూ? నలుగురి పేర్లు కనుక్కోడానికి ఏం కష్టం? రాసినాయనకి ఒట్టి బద్ధకంలా ఉంది."

"అవునండి" అన్నాడు సుబ్బారావు.